12 అడుగుల పడవకి ఎపాక్సీనా, పాలిస్టరా? ఎండాకాలంలో మొదలుపెట్టొచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి క్లుప్తంగా చెప్తా, మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. ధర్మసాగర్ వైపు గాలం వేసుకోడానికి ఇద్దరు కూర్చునే 12 అడుగుల పడవ ఇంటి వెనక రేకుల షెడ్డులో నువ్వే చేసుకోవాలనుకుంటున్నావు. హన్మకొండలో కూలర్ బాడీలు చేసే ఫైబర్ షాపతను "ప్లైవుడ్ డబ్బా కొట్టించి తీసుకురా, మీద మ్యాట్ వేసి పాలిస్టర్ పూసిస్తా, ఎపాక్సీ ఉత్త దండగ" అన్నాడు. పాలిస్టర్, ఎపాక్సీ రెండూ పూశాక గట్టిపడే రెసిన్లు, అంటే జిగురులాంటి ద్రవాలు, మ్యాట్ అంటే వాటితో తడిపే గాజు పోగుల చాప. నీకు సెలవులు ఏప్రిల్, మేలోనే. ఎపాక్సీకి అన్ని డబ్బులు పెట్టాలా, ఆ ఎండల్లో పని అవుతుందా, ఇవీ నీ రెండు ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు, పెట్టాలి. రెండోదానికి, అవుతుంది కానీ పగటిపూట మాత్రం కాదు.

ఇది నేను చదివి చెప్తున్నది కాదు. కాజీపేటలో 17 ఏళ్ళు ఫైబర్ పని చేశాను, ట్యాంకుల రిపేరు, బాత్రూం తలుపులు, గణపతి అచ్చులు, ఏది వస్తే అది. పడవలు నాలుగు చేశాను. మొదటిది ఇప్పుడు మా బావమరిది ఇంటి వెనక బర్రెలకి కుడితి పోసే తొట్టి. ఎలా అయిందో చెప్తా, నీ మొదటి ప్రశ్నకి అదే జవాబు.

ఆ పడవని నీ షాపతను చెప్పినట్టే చేశాను. ప్లైవుడ్ డబ్బా, మీద రెండు పొరల మ్యాట్, పాలిస్టర్ రెసిన్. చేతికి అలవాటైన పని, రెండు రోజుల్లో అయిపోయింది, అద్దంలా మెరిసింది. మొదటి వానాకాలం బాగానే తేలింది. రెండో ఏడు ఎండాకాలం బోర్లించి పెట్టినప్పుడు మూలన కొడితే డొల్ల చప్పుడు. స్క్రూ డ్రైవర్ దూర్చి కాస్త లేపితే అరచేయంత లేచింది, లాగితే బారెడు లేచింది. చివరికి నలుగురం పట్టుకుని లాగితే ఫైబర్ మొత్తం కమలాపండు తొక్కలా ఒక్క ముక్కగా ఊడొచ్చింది! లోపలి వైపు చూస్తే చెక్క నార ఒక్కటి కూడా అంటుకుని లేదు, నున్నగా ఉంది. లోపలి ప్లై నల్లబడి, పొరలు పొరలుగా విడిపోయి పొయ్యిలోకి పోయింది, తొక్క గట్టిగానే ఉంది కాబట్టి తొట్టి అయింది. అంటే పాలిస్టర్ ఫైబర్‌గా చెడ్డది కాదు, చెక్కని పట్టుకోదు, అంతే. గట్టిపడేటప్పుడు అది బాగా ముడుచుకుంటుంది, కింద చెక్కేమో తేమ తగిలితే ఉబ్బుతుంది, ఎండకి తగ్గుతుంది, ఈ రెండింటి లాగులాటలో అతుకు వదిలేస్తుంది. ఎపాక్సీ ముడుచుకునేది చాలా తక్కువ, పైగా చెక్క నారలోకి దిగి పట్టుకుంటుంది.

షాపతను అబద్ధం చెప్పాడని కాదు. అచ్చులో పోసి చేసే పనికి, అంటే చెక్క లేకుండా మొత్తం ఫైబరే అయినదానికి పాలిస్టరే సరైంది. కాకినాడ వైపు సముద్రం మీద తిరిగే ఫైబర్ బోట్లన్నీ అలాగే అచ్చుల్లోంచి వస్తాయి. కానీ అచ్చు చేయడమంటే ముందు ఒక పడవ చేసి, దాని మీద అచ్చు తీసి, మళ్ళీ అందులో పడవ చేయడం, ఒక్క పడవ కోసం మూడు పడవల చాకిరీ. పది చేసి అమ్మేవాడికి గిట్టుబాటు అవుతుంది, నీకు కాదు.

నీకు పనికొచ్చేది కుట్టి అతికించే పద్ధతి. పలకలు కోసి, అంచుల్లో రంధ్రాలు పెట్టి రాగి తీగతో కుట్టి, కుట్టు లోపల ఎపాక్సీ ముద్ద పెట్టి, మీద గాజు బట్ట పట్టీ వేస్తారు. 1960ల మొదట్లో ఇంగ్లండులో మిర్రర్ అని ఒక చిన్న తెరచాప పడవ వచ్చింది. డైలీ మిర్రర్ పత్రిక ప్రచారం చేసింది, టీవీలో ఇంటిపనులు నేర్పే బ్యారీ బక్‌నెల్, పడవల డిజైనర్ జాక్ హోల్ట్ కలిసి తయారుచేశారు, వడ్రంగం రానివాళ్ళు ఇంట్లోనే చేసుకోవాలన్నదే వాళ్ళ ఉద్దేశం. అప్పటి నుంచి అలాంటివి 70 వేలు దాటాయి. కాబట్టి నాకు వడ్రంగం రాదే అని టెన్షన్ పడకు, కొలిచి కోయడం వస్తే చాలు.

ప్లైవుడ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి, అది మెరైన్ గ్రేడు. ఐఎస్ 303 వంటింటి అల్మారాలకి, దుకాణాల్లో "ఇది కూడా వాటర్‌ప్రూఫే సార్" అని అంటగడతారు. ముద్రని కూడా నమ్మకుండా అరచేయంత ముక్క తెచ్చి ఓ పూటంతా నీళ్ళలో మరిగించు, అంచులు విచ్చుకుంటే ఆ దుకాణం మానెయ్. 6 ఎంఎం మందం సరిపోతుంది. 8 అడుగుల షీటుతో 12 అడుగుల పలక రావాలంటే రెండు ముక్కలు అతకాలి. రెండు అంచులనీ రందాతో ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్ల పొడవున, అంటే 6 ఎంఎం ప్లైకి దాదాపు 5 సెంటీమీటర్లు చెక్కి ఒకదాని మీద ఒకటి అతికిస్తే అతుకు దగ్గర కూడా పలక ఒకేలా వంగుతుంది. అది కష్టమనిపిస్తే ఎదురెదురుగా ఆనించి వెనక ఇంకో ముక్క అతికించు, చూడ్డానికి బాగోదు కానీ పట్టుకుంటుంది.

లెక్క కూడా ఒకసారి చూసుకో, చాలామంది ఇది చూసుకోరు. నీ పడవ అడుగు చదునుగా ఉండి పొడవు 3.66 మీటర్లు, సగటు వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుంటే అడుగు వైశాల్యం 3.3 చదరపు మీటర్లు. నీళ్ళలోకి ఒక్క సెంటీమీటరు దిగితే 33 లీటర్లు, అంటే 33 కిలోలు మోస్తుంది. నాలుగు షీట్ల ప్లై 50 కిలోల దాకా, రెసినూ బట్టా కలిపి 12, బద్దలూ అవీ కలుపుకుని పడవ 70 కిలోలు. ఇద్దరు మనుషులు, గాలాలు, అన్నం డబ్బా కలిపి ఇంకో 180. మొత్తం 250కి ఏడున్నర సెంటీమీటర్లు దిగుతుంది. పక్కలు 40 సెంటీమీటర్లు ఉంటే హాయిగా కూర్చోవచ్చు. మూడోవాడిని ఎక్కించుకున్నా తేలుతుంది కానీ వాడు నిలబడితే మాత్రం ముగ్గురికీ స్నానమే.

రెసిన్ విషయానికొద్దాం. మన దగ్గర మామూలుగా దొరికేవి అరల్డైట్ ఎల్‌వై 556కి హెచ్‌వై 951 హార్డ్‌నర్ (రెసిన్‌ని గట్టిపరిచేది), లేదా లాపాక్స్ ఎల్-12కి కె-6. రెండింటికీ తూకంలో 100 గ్రాములకి 10 గ్రాముల హార్డ్‌నర్. పడవల కోసమే చేసినవి వేరే పాళ్ళలో వస్తాయి, డబ్బా మీద ఏముంటే అదే లెక్క. ధర పాలిస్టర్ మీద రెండు మూడు రెట్లు ఉంటుంది, కానీ నీకు కావలసింది డ్రమ్ము కాదు. బయట ఏడు చదరపు మీటర్లకి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల) బట్ట ఒక పొర వేస్తే బట్ట 1.4 కిలోలు, దాన్ని తడపడానికి దాదాపు అంతే రెసిన్, నేత గుంటలు నిండడానికి రెండు పూతలు, లోపల మూడు పూతలు, కుట్లకి ముద్ద, వేస్టేజీ, అన్నీ కలిపి 9, 10 కిలోలు. అంతకంటే ఎక్కువ అమ్మచూస్తే వాడు తన సరుకు వదిలించుకుంటున్నాడని అర్థం.

ఫైబర్ పని వచ్చినవాళ్ళే ఎపాక్సీతో ఎక్కువ దెబ్బతింటారు, నేను తిన్నాను. పాలిస్టర్‌లో హార్డ్‌నర్ ఒకటి నుంచి రెండు శాతం దాకా మన ఇష్టం, తొందరగా ఆరాలంటే ఇంకో మూత పోస్తాం, ఎందుకంటే అక్కడ హార్డ్‌నర్ పని మంట అంటించడం వరకే. ఎపాక్సీలో హార్డ్‌నర్ రెసిన్‌తో జతకడుతుంది, పెళ్ళిపందిట్లో జోడు కుదరనివాళ్ళలా ఎక్కువ పోసింది ఎక్కువగానే మిగిలిపోతుంది. రెండో పడవప్పుడు మా అల్లుడు "జర ఎక్కువ పోస్తే జల్ది ఆర్తది కదా మామా" అని నేను చూడనప్పుడు పోశాడు. వారం తర్వాత కూడా ఆ పక్క బెల్లం పాకంలా వేలికి అంటుకుంటూనే ఉంది. రెండు రోజులు గీకాం, ఇద్దరం మాట్లాడుకోలేదు. కాబట్టి మూతలు, గ్లాసులు వద్దు, పదో వంతు గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాంటా కొను. 150 గ్రాములకి 15 గ్రాములు పోసేటప్పుడు 2 గ్రాముల తేడా చిన్నది కాదు. 10కి 1 అనేది తూకమే సుమా, గ్లాసుతో కొలిస్తే లెక్క తప్పుతుంది, హార్డ్‌నర్ రెసిన్ కంటే తేలిక. కలపడం కూడా అంతే, డబ్బా గోడలూ అడుగూ గీకుతూ రెండు మూడు నిమిషాలు పుల్లతో తిప్పాలి.

ఇక ఎండ. మన మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు, రేకుల కింద ఇంకా ఎక్కువ. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఎపాక్సీ మనకిచ్చే టైం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట ఉండేది 45 దగ్గర ఏడెనిమిది నిమిషాలు. అదీ పలచగా పరిస్తే. డబ్బాలో కుప్పగా ఉంటే తన వేడికి తానే ఇంకా వేడెక్కుతుంది. ఒక మే మధ్యాహ్నం అరకిలో కలిపి పక్కన పెట్టి బట్ట కత్తిరించుకుంటున్నా. వాసన తేడాగా వచ్చి తిరిగి చూస్తే డబ్బా లోంచి పొగ, ప్లాస్టిక్ గిన్నె ఒక పక్కకి వంగిపోతోంది. బయట ఇసుకలో పడేసి దూరంగా నిలబడ్డా, అరగంటకి లోపల పగుళ్ళిచ్చిన పసుపు గాజు గడ్డ. పోయింది రెసిన్ డబ్బులే, ఇల్లు కాలేదు. అందుకే 150, 200 గ్రాములకి మించి కలపకు, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలో, స్వీటు డబ్బా మూతైనా సరే, పలచగా పోసెయ్.

ఎండతో ఇంకో తంటా ఉంది, ఇది చాలామందికి తట్టదు. పొద్దున పదింటికి చెక్కకి ఎపాక్సీ పూశావనుకో, పొద్దెక్కే కొద్దీ చెక్క వేడెక్కి, దాని లోపలి గాలి ఉబ్బి, తడి రెసిన్ లోంచి బుడగలుగా పైకొస్తుంది. బట్ట కింద అయితే పూరీల్లా పొంగుతుంది. అదే సాయంత్రం ఆరు దాటాక పూస్తే చెక్క చల్లబడుతూ ఉంటుంది, లోపలి గాలి తగ్గుతూ రెసిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది. అదే డబ్బా, అదే చెయ్యి, వేళ ఒక్కటే మారింది. కాబట్టి నీ సెలవుల్లో పొద్దున కోత, రంధ్రాలు, కుట్లు పెట్టుకో, మధ్యాహ్నం పడుకో, ఎపాక్సీ పొద్దుగూకాక ముట్టుకో.

నన్నడిగితే అసలు కాలం బతుకమ్మ అయిపోయాక మొదలుపెట్టి సంక్రాంతికి ముగించడం. డిసెంబరు చలికి రెసిన్ జున్నులా బిగుసుకుంటే డబ్బాని గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కాసేపు పెట్టు, అంతేగానీ థిన్నర్ పోసి పలచన చేయకు. వానాకాలంలో చేయాల్సి వస్తే ఆరిన ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు పొర వస్తుంది, దాని మీద పూసిన రంగు నిలవదు. అది ఇసుక కాగితంతో పోదు, కాగితానికే పట్టుకుంటుంది. ముందు మామూలు నీళ్ళు, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో కడిగి, ఆరాకే రుద్దాలి.

కుట్టు విషయం త్వరగా చెప్పేస్తా. అంచుకి ఒక సెంటీమీటరు లోపల, జానెడు కంటే తక్కువ దూరంలో రంధ్రాలు, రాగి తీగ మెలిపెట్టి బిగించడం, మూల నుంచి మూలకి తాడు పట్టి పడవ మెలి తిరగలేదని చూసుకోవడం. మెలి తిరిగిందని ముద్ద పెట్టాక తెలిస్తే ఇక ఏమీ చేయలేం. ముద్దకి జల్లెడ పట్టిన సన్నటి రంపపు పొట్టు, కొంచెం ఏరోసిల్ (చిక్కబరిచే తేలికపాటి సిలికా) పొడి ఎపాక్సీలో కలపాలి, గారెల పిండిలా ఉండాలి, గరిటె తిరగేసినా జారకూడదు. మూలలో పెట్టి చెంచా వెనక వైపుతో ఒక్క లాగు లాగితే గుండ్రటి ఒంపు వస్తుంది. మళ్ళీ మళ్ళీ సర్దితే పాడవుతుంది.

బట్ట వేయడం అందమైన పని, దానికి మాత్రం తొందరపడకు. బయటి మూలలన్నీ ముందు బొటనవేలంత గుండ్రంగా రుద్దు, గాజు బట్ట వాడి అంచు మీద కూర్చోదు, లేస్తుంది. పొడి బట్టని బోర్లించిన పడవ మీద పరిచి చేత్తో నిమిరితే ముడతలు వాటంతట అవే పోతాయి. మధ్యలో కొంచెం రెసిన్ పోసి, పాత ఏటీఎం కార్డులాంటి ప్లాస్టిక్ ముక్కతో అంచులవైపు నెట్టు. తెల్లటి బట్ట కళ్ళ ముందే మాయమై కింద చెక్క గీతలు కనిపిస్తాయి. ఎక్కడైనా ఇంకా తెల్లగా ఉంటే అక్కడ రెసిన్ చాలలేదు, గుంటలో నీళ్ళలా మెరుస్తుంటే ఎక్కువైంది, లాగి పక్కకి తియ్యి. నేత మసకగా కనిపించాలి, అదే లెక్క. బట్టే కొను, మ్యాట్ వద్దు. మామూలు మ్యాట్‌లో గాజు పోగులని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు, చాపలా బిగుసుకుని లేచి ఉంటుంది. తర్వాతి కోటు, వేలు పెడితే జిడ్డుగా తగిలి వేలికి అంటనప్పుడు వేస్తే రెండూ ఒకటే అవుతాయి. మర్నాటిదాకా ఆగితే కడిగి, 80 నంబరు కాగితంతో రుద్దాక వేయాలి. అన్నీ అయ్యాక రంగు వేయకుండా ఎండలో వదలకు, ఎపాక్సీకి ఎండ పడదు, పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది.

చేతుల సంగతి సీరియస్‌గా తీసుకో. ఎపాక్సీ ఒంటికి పడకపోవడం మొదలైతే దద్దుర్లు వస్తాయి, ఒకసారి వచ్చినవాళ్ళకి జన్మలో పోదు. నాతో పనిచేసిన ఒకాయన ఇప్పుడు డబ్బా మూత తీస్తేనే మొహం ఉబ్బుతుందని పనే మానేశాడు. నైట్రైల్ గ్లౌజులు వేసుకో, చేతికి అంటితే థిన్నర్‌తో కడగొద్దు, అది చర్మంలోకి ఇంకా దింపుతుంది. గుడ్డతో తుడిచి సబ్బుతో కడుగు. రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు, కుదిరితే తడిపి రుద్దు. ఇంకొకటి, ఫైబర్ షాపులో చేయి సాయానికి వెళ్తావేమో, అక్కడ పాలిస్టర్ త్వరగా గట్టిపడడానికి వాడే ఊదా రంగు కోబాల్టునీ నీళ్ళలా ఉండే హార్డ్‌నర్‌నీ నేరుగా ఎప్పుడూ కలపకు, భగ్గుమంటుంది. విడివిడిగా రెసిన్‌లోనే కలపాలి. ఆ హార్డ్‌నర్ కంట్లో పడితే చూపే పోతుంది.

ఫైబర్ పడవ మునగదనుకునేవాళ్ళున్నారు. రామప్ప గుడి శిఖరం ఇటుక నీళ్ళలో తేలుతుందని బడి ఎక్స్‌కర్షన్‌లో చెప్తారు కదా, దాన్నిండా గాలి రంధ్రాలు కాబట్టి. ఫైబర్‌కి ఆ సుఖం లేదు, దాని బరువు అదే సైజు నీళ్ళకి ఒకటిన్నర రెట్ల పైనే, ముక్క వేస్తే అడుక్కి పోతుంది. నీది చెక్కది కాబట్టి పడవ వరకు తేలుతుంది, నీళ్ళు నిండాక మిమ్మల్ని మోయదు. సీట్ల కింద పెట్టెలు మూసేసి, లోపల మూతలు బిగించిన ఖాళీ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు ఒక యాభై పేర్చు, 100 కిలోల తేలుడు దొరుకుతుంది. థర్మకోల్ పెట్టినా ఎపాక్సీతో పర్లేదు, పాలిస్టర్, పెట్రోలు తగిలితే మాత్రం ఐస్‌లా కరిగిపోతుంది. మొదటిసారి దించినప్పుడు కట్ట దగ్గర నడుం లోతులో కావాలనే నీళ్ళు నింపి చూడు. లైఫ్ జాకెట్ ఈత వచ్చినా వేసుకో. వానాకాలంలో మత్తడి దూకేటప్పుడు అటువైపు, తూము వైపు పోవద్దు. చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది అయి ఉంటుంది, ముందే వెళ్ళి అడిగితే మర్యాద, పాఖాల, లక్నవరం అయితే అడవి శాఖ కూడా ఉంది. మోటారు పెట్టే ఆలోచనుంటే 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ లెక్కలొస్తాయి, మొదటి పడవకి తెడ్లు చాలు.

ఇప్పుడే షీట్లు కొనకు. కిలో ప్యాకు రెసిన్, మీటరు బట్ట, అడుగు ప్లై ముక్క తెచ్చుకో. ఒక సాయంత్రం తూకం వేసి, కలిపి, ముక్క మీద బట్ట వెయ్, ఒక మూల పట్టుకు లాగేలా కొంచెం బట్ట బయటికి వదులు. వారం ఆగి ఆ మూల పట్టుకుని కటింగ్ ప్లేయర్‌తో లాగు. ఫైబర్‌తో పాటు చెక్క నారలు చీరుకుని వస్తే నీ చెయ్యి కుదిరినట్టే, వెళ్ళి షీట్లు కొనుక్కో. నా తొట్టిలాగా నున్నగా ఊడొస్తే ఆ ముక్క ఫోటో, ఎన్ని గ్రాములకి ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలకి పూశావో రాసి పెట్టు, ఎక్కడ తప్పిందో చూద్దాం.